మంచుదారి

ఎక్కడికి బయల్దేరినా
ముందు నీ పట్టీ బిగిస్తాను టుక్స్,
తర్వాతే నాది.
వెనకసీటు, పాత ఉన్ని దుప్పటి,
ఛాతీ పట్టీ కింద రెండు వేళ్ళ సందు.
తల బయటపెట్టి గాలి తాగుతానని
నువ్వెంత గునిసినా
అద్దం నాలుగు వేళ్ళకు మించి దించలేదు.

ఈ వారం సముద్రం గడ్డకట్టింది.
దీవికి పడవల్లేవు.
అవతలి ఒడ్డున పశువుల డాక్టరు,
నీ కడుపులో గడ్డ.

కావలి కుర్రాడు ఇంద్రెక్
బండి నంబరు రాసుకుని అద్దం తట్టాడు:
"వైకె పిన్నీ, బెల్టు తీసెయ్.
మంచు విరిగితే విప్పుకునే తీరిక ఉండదు.
కుక్కది కూడా."

నా వేళ్ళకు బిగించడమే అలవాటు.
క్లిక్కుమని నీ కట్టు ఊడితే
దొంగను చూసినట్టు చూశావు నన్ను.

మధ్యలో ఆగకూడదు.
ముందు బండికి పావు కిలోమీటరు ఎడం.
గుర్తుకు పాతిన జునిపర్ కొమ్మలు
ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి.
కింద ఎక్కడో
పాత నులకమంచం మీద
ఎవరో ఒత్తిగిలిన చప్పుడు.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి
సీట్ల సందులోంచి ముందుకొచ్చి
నా మోచేతి కింద మూతి దూర్చావు.
వెనక్కి పొమ్మనలేదు.
నీ వైపు తలుపు గడి
ఎన్నిసార్లు తడిమి చూశానో,
తీసే ఉందా అని.

చక్రాలకి నేల తగిలింది.
బండి పక్కకి ఆపి
మళ్ళీ నీకే ముందు కట్టాను.
పొద్దున చీకట్లో గమనించలేదు.
పట్టీ కింద
మూడు వేళ్ళు పట్టాయి.