ఏడో కలం

ముసాయిదా మరాఠీలో వచ్చింది. నలభై ఒక్క పేజీలు.
పంచాయతు ప్రింటరులో సిరా అయిపోవచ్చి
చివరి ఆరూ బూడిద రంగు.
హర్కతులుంటే ముప్పై రోజుల్లో చెప్పాలట.
సిరొంచ దాటి మా ఊరు చేరేటాల్లకు
పంతొమ్మిది అయిపోయినయి.

చదివి చెప్పేదాన్ని నేనే.
బావిలో బ్లీచింగు కలిపేదాన్ని,
బోరింగు నీళ్ళు సీసాలో పట్టి, మందు చుక్కలేసి,
రంగు చూసేదాన్ని.
గులాబి నిలిస్తే తాగొచ్చు. పసుపు తిరిగితే వద్దు.
గడపకూ గౌరమ్మకూ పసుపు పెట్టే ఊళ్ళో
పసుపంటే చెడని ఒప్పించడానికి
రెండేండ్లు పట్టింది నాకు.

కలం అంటే వాళ్ళకు చట్టంలో ఒక అంకె.
మాకు జేబులో పెట్టుకునేది, ఎండకు కారేది.
"ఏడో కలం" అనంగనే
"కడమ ఆరు ఎవలెత్తుకపోయిండ్రు?" అన్నడు మడావి బిచ్చు.
నవ్వుకోనిచ్చిన.
నీళ్ళ గురించి నవ్వి ఎన్నాళ్ళయిందో.

ప్రతి మనిషికీ సురక్షితమైన, పరవడణారె నీరు.
సురక్షితం సులువే, సీసా ఎత్తి చూపిన.
పరవడణారె కాడ నాలుక ఆగింది.
"పర్వాలేదనే నీళ్ళా?" అన్నది గోర్ల రాజక్క.
"కాదక్కా. కొనగలిగే ధర."
"ఎవలు కొనగలిగేది?"
పేజీ తిప్పిన.
వెనక తెల్లగుంది.

రాజక్క వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది.
ప్లాంటు నీళ్ళ డబ్బాకు మూడు తునికాకు కట్టలు.
ఎండకాలం ఇంటికి రోజుకు రెండు డబ్బాలు.
కట్టకు డెబ్బై.
"నాలుగు వందల ఇరవై ఆకులు తెంపాలె బిడ్డా, నీళ్ళు తాగేటందుకు.
అన్నిసార్లు వంగితే మళ్ళ దూప.
రూపాయల్ల రాయకు. ఆకుల్ల రాయి."
"ఆకు పదిహేను దినాలే," అన్నరు ఎవరో.
"మిగిలిన ఏడాది దేంట్ల రాయాలె?"
దానికి ఎవరూ మాట్లాడలే.

ప్రాణహిత అవతల మా వదినె ఇంట్ల నల్లా ఉంది.
అది వేరే సర్కారు.
పొద్దున ఇద్దరం ఒకే ఏట్ల బట్టలు పిండుతం,
ఈ ఒడ్డు నుంచి నేను, ఆ ఒడ్డు నుంచి ఆమె,
మధ్యాహ్నానికి వేరువేరు చట్టాల కింద దూపగొంటం.
ఇది హర్కతుల రాయొద్దన్నడు సర్పంచు.
రాయలే.

తలండి బక్కయ్యకు మెడ తిరగదు.
పిలిస్తే మనిషి మొత్తం తిరుగుతడు,
సందులో బండి మలిపినట్టు, మెల్లగ.
చూసినోళ్ళు అరవై అంటరు. నలభై నాలుగు.
అందరూ లేచినంక అడిగిండు:
"చట్టమొస్తే, ఇప్పటిదాక తాగినయి వాపసు తీసుకుంటరా?"
నలభై ఒక్క పేజీలూ మళ్ళ వెతికిన,
బూడిద రంగువి దీపం కింద పెట్టి.
వాపసు అనే మాట ఒక్కచోట ఉంది.
డిపాజిట్టు గురించి.

అది కూడా రాసిన.
నా మరాఠీల, తప్పులతోటి.

తహశీలు ఆఫీసుల గుమాస్తా చదివి తలెత్తిండు.
"ఆకులేంది? ఇది నీళ్ళ చట్టం, అడవి చట్టం కాదు."
కొట్టెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టిన.
"సాబ్, మీ కలం మీది. ఇది మా కలం."
మరాఠీల అది మాటగా నిలవదు, నాకు తెలుసు.
ఏమనుకున్నడో, ముద్ర కొట్టిండు.
రెండు వందల పదిహేడు.
రసీదు బ్లీచింగు డబ్బా మూతల దాచిన.
వాసన పట్టింది.

బడి వెనక బోరింగుకు ఎర్రరంగు పెచ్చులూడింది.
తాగొద్దని గుర్తు ఆ ఎరుపే.
రంగుడబ్బా కోసం రాసి ఆరు నెలలు.
పిల్లలు ఆటల్ల దూపకు ఆగరు,
గుర్తు లేకుంటే అది ఒట్టి బోరింగే.
గుట్ట కింద జాజు తవ్వి, నానబెట్టి, పూసిన.
వాన పడితే పోతదన్నరు.
పడ్డది. పోయింది.

ఇయ్యాల మళ్ళ పూస్తున్న.
వెనక చెప్పుల చప్పుడు.
బక్కయ్య వచ్చి నిలబడి,
మనిషి మొత్తం తిరిగి చూసి,
"ఆ మూల మిగిలింది," అన్నడు.