మూఢాల్లో సాధకం

శుక్రుడు మునిగిండు. ఇంక రెండు నెల్లు
నల్లగొండల ఎవ్వల మెడల పుస్తె పడదు.
ఎర్ర కోట్లు, జరీ భుజాలు
నఫ్తలిన్ గోలీల వాసనల
ట్రంకుపెట్టెల పండుకున్నయి.
బ్యాండు దుకాణం షట్టరు సగం దించి
నేనొక్కన్ని, సాక్సాఫోను, ఒక జిరాక్స్ కాయితం.

ఆ కాయితం నేను కొన్నది గాదు.
సికింద్రాబాదుల పాత సాక్సాఫోను తెస్తే
డబ్బాల మఖ్మల్ కింద దొరికింది.
సగం చినిగింది. మిగిలిన సగంల
మూడేసి సుక్కల కుప్పలు,
పైన రెండే మాటలు: ట్రయాడ్ పెయిర్స్.
జాజ్ వాయించెటోళ్ళ పాఠమట.
సుక్కలు విప్పి మన స్వరాలల్లకు తెచ్చుకునేసరికి
నాకొక వానకాలం పట్టింది.

కుప్పలు రెండే. ఒకటి స గ ప.
ఇంకోటి రి మ ద, అందుల మ తీవ్రం,
పన్ను మీద దబ్బకాయ రసం పడ్డట్టు.
దీనిది దానికి లేదు, దానిది దీనికి లేదు.
లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట,
ఒకే ఊరి మీద రెండు నీడలు.
ఈ గుట్ట మీద మూడు మెట్లెక్కి
దిగకుండనే ఆ గుట్ట మీదికి దుంకాలె.
కిందికి చూసినవా, పాయె.

ఏడోది ని. దాన్ని ముట్టద్దు.
ఎందుకో కాయితం చెప్పలే.
చినిగిన సగంల ఉందేమో.

బోరునీళ్ళు తాగి పెరిగిన పండ్లు నావి,
గోధుమరంగు చారల పండ్లు.
ఊదే మూతి మీద వాటి గాట్లే.
ద కాడికెల్లి పై రికి పోవాలంటే
లేసిన వేళ్ళన్నీ ఒక్కపారే పడాలె.
ఉంగరం వేలు పడదు.
పొద్దుగాల అసలే పడదు.

ముత్తిలింగం మాస్టర్ వేళ్ళయితే
చాయ్ గ్లాసు పట్టినట్టే ఆగిపోయినయి,
గ్లాసు తీస్కున్నా విప్పుకోవు.
సాయంత్రాలు వచ్చి బోర్లేసిన డోలు మీద కూసుంటడు.
వారం దినాలు ఏమనలే.
ఎనిమిదో నాడు అన్నడు:
"మెట్లు లెక్కపెడుతున్నవ్ రా. ఎక్కుతలేవు."

పక్క దుకాణం గౌస్ భాయ్
కుట్టుమిషన్ ఆపి తొంగిచూసిండు.
"పెండ్లి లేదు, సావు లేదు,
ఎవలకు ఊదుతున్నవ్?"
నాకేం తెల్సు? మిషన్ మల్ల నడిచింది,
దాని టకటక మీదనే నా మూడు, నా మూడు.

ఒకనాటి రాత్రి నిద్ర పట్టక
ముహూర్తాల క్యాలెండర్ ఎనక రాసుకున్న:

స గ ప
రి మ ద
గ ప స
మ ద రి
ప స గ
ద రి మ

మొదటి అక్షరాలే మీదికెల్లి కిందికి సదివిన.
స రి గ మ ప ద.
సరళీ వరుస!
పదేండ్లప్పుడు మాస్టర్ నా తొడ మీద తట్టి తట్టి
చెప్పించిన మొట్టమొదటి పాఠం
ఏ దేశమో తిరిగి, కోటు మార్చుకొని
నా డబ్బా అడుగుకు వచ్చి పండుకుంది.
అర్ధరాత్రి ఒక్కన్నే నవ్విన.

పెండ్లికి మూఢం గానీ సావుకు లేదు కదా.
పానగల్లు దిక్కు ఒక ముసలవ్వ పోయింది.
ఎప్పటి పాటే ఎత్తుకున్న, నాలుగు సందులు దాటిన.
కట్ట మీద ఎండల, ఎందుకో,
ఈ గుట్ట మీదికెల్లి ఆ గుట్ట మీదికి దుంకిన.
ఉంగరం వేలు పడ్డది.
డప్పు సైదులు తిరిగి సూసిండు,
ఒక దెబ్బ కొట్టకుండ ఇడిసిపెట్టిండు నా కోసం.
ఆ సందుల ద మీద ఆగిన.

అప్పుడే ముసలవ్వ బిడ్డ
పాడె పట్టుకొని "అవ్వా" అన్నది.
గొంతు సక్కగ పోయి
నేను ముట్టని జాగల నిలబడ్డది.

రాత్రి మాస్టర్‌తోని చెప్పిన:
అది ని, సార్. నిఖార్సయిన ని.
ఆయన వంగిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకొని
చాలాసేపు ఊకున్నడు.
"దానికి స్వరం పెట్టకురా."

శుక్రుడు లేవనీకి ఇంక ఇరవై దినాలు.
షట్టరు సగం దించిన.