నూట పన్నెండో ప్రశ్న

న్యూటన్ స్టువార్ట్ దాటి నాలుగు మైళ్లు పోతే
ఫోనుకి ప్రాణం పోతుంది.
నవంబరు. వాన అనలేం దీన్ని,
ఎవరో తడిగుడ్డతో మొహం తుడుస్తున్నట్టుంది.
గేటు దగ్గర గావిన్ మెక్‌క్లర్గ్,
చేతిలో తాళంచెవి, చంకలో మూడేళ్ల కాగితాలు.

నాది ఒక రకం కరణీకం.
అడవికి అడంగల్ రాస్తాను.
ఏ ఏటి నాటు, ఎవరు నరికారు, దుంగ ఎటు పోయింది,
నరికినచోట మళ్లీ ఏం మొలుస్తోంది.
నూట ఎనభై ఏడు ప్రశ్నలు.
అవును, కాదు, వర్తించదు.
అన్నీ కుదిరితే
ఏ గ్లాస్గో వంటింట్లోనో పాల డబ్బా అడుగున
గోరంత చెట్టుబొమ్మ పడుతుంది.
చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఏమిటో
మా ఆఫీసులో ఎవరికీ విడమరచి చెప్పలేకపోయాను.

సిట్కా చెట్లు.
పరాయి తీరం నుంచి గింజలుగా వచ్చి
పరీక్ష హాల్లో పిల్లల్లా వరసలు కట్టాయి.
నాలుగడుగులు లోపలికి వేస్తే
మధ్యాహ్నం మూడింటికే దీపాలవేళ.
గడ్డిపోచ లేదు. పిట్ట లేదు.
రాలిన సూదుల మీద నా బూటు చప్పుడు నాకే వినపడలేదు.
ఈ నిశ్శబ్దానికి ఫారంలో గడి లేదు.

అయినా న్యాయం చెప్పాలి.
డేగ గూడున్న చెట్టు చుట్టూ
వేసవంతా రంపాలు నోరు మూసుకున్నాయి.
ఏటి ఒడ్డున రోవన్ మొక్కలు
ప్లాస్టిక్ గొట్టాల్లోంచి తలలు పైకెత్తి చూస్తున్నాయి.
కూలిన గొర్రెలదొడ్డి గోడని కూడా
రిబ్బను కట్టి కాపాడారు.

"ఇవన్నీ నేను నాటినవే," అన్నాడు మెషిన్ నడిపే వాటీ.
"పదహారేళ్లప్పుడు. మొక్కకి రెండు పెన్నీలు.
ఇప్పుడు నేనే కోస్తున్నా.
చెట్టుకి నలభై సెకన్లు."
గొప్పగా అనలేదు, బాధగానూ అనలేదు,
ఫ్లాస్కు మూత తిప్పుతూ అన్నాడు.

నూట పన్నెండు: నీళ్లు.

తూము దగ్గర గడ్డిమోపుల అడ్డు తెగిపోయింది.
నరికిన వాలు మీది మట్టి
చిక్కటి డికాషన్‌లా ఏట్లోకి జారుతోంది.
దిగువన ఎక్కడో, గులకరాళ్ల సందుల్లో,
ఈ వారమే పెట్టిన సాల్మన్ గుడ్లు.

గావిన్ చూశాడు. నేను చూశాను.
వాటీ ఆకాశం చూశాడు.

చిన్న లోపమంటే ఏడాది గడువు.
పెద్ద లోపమంటే మూడు నెలలు,
అప్పటికీ సర్దుకోకపోతే పత్రం పోతుంది,
పత్రం లేని దుంగని మిల్లు ముట్టుకోదు.
ఏడాది గడువు మనుషులకు సరే.
గుడ్డుకి ఎవరు చెబుతారు?

"ఎప్పుడు తెగింది?"
"మంగళవారం రాత్రి. గాలివానకి."
బుధవారం తనిఖీ కాగితం నా చేతిలోనే ఉంది:
అన్నీ సవ్యం. కింద గావిన్ సంతకం.
నేనింకా తలెత్తలేదు,
అతనే అన్నాడు:
"ఆరోజు రోడ్డు మునిగింది. నేను రాలేదు.
ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని రాశాను."

నాకూ ఒక బుధవారం ఉంది.
మూడేళ్ల కిందట, పై గదిలో, జ్వరంతో,
పన్నెండు ఫొటోలు చూసి
ఒక కొండకి కొండంతా సంతకం పెట్టాను.
ఆ కొండ ఎలా ఉందో ఇప్పటికీ తెలీదు.
అతనితో చెప్పలేదు. చెబితే తేలికయ్యేది
అతనికి కాదు, నాకు.

వాటీ అప్పటికే తూములోకి దిగాడు,
మోకాలి దాకా, పారతో.
ఎవరూ పురమాయించలేదు.

పెన్సిలు తీశాను.
తడికి కాగితం మెత్తబడి అక్షరం నిలవడం లేదు.
"పెద్ద" అని రాయడానికి రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.
రాస్తున్నంతసేపూ గావిన్
తన టోపీ తీసి
కాగితం మీద చినుకు పడకుండా
అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.