దుంకక ముందే

బల్లార్షా స్టేషన్ ఎనక సందుల
డబ్బా టీవీలు బాగుచేసే దుకాణం నాది.
బోర్డు మరాఠీల ఉంటది, తిట్లు తెలుగుల.
బాగుచేసేది ఏముంది ఇప్పుడు,
పదేండ్ల సంది ఒక్కడు తేలేదు.
తుక్కు సత్తార్ కిలోల లెక్కన కొంటడు,
రాగి తీగె గుంజుకొని గాజు పారేస్తడు.

గసొంటప్పుడు వచ్చింది భూలక్ష్మి,
పేపర్ మిల్లు క్వార్టర్ల పిల్ల.
ఇరవై ఒక్క ఇంచుల డబ్బా ఉన్నదా కాకా, అని.
కొత్త టీవీలల్ల బొమ్మ ఆలస్యంగ వస్తదట.
ఎంత ఆలస్యం బిడ్డా?
సెకనును అరవై ముక్కలు చెయ్యి, అండ్ల నాలుగో ఐదో.
నేను నవ్విన.
నాగ్‌పూర్ ప్యాసింజర్ నాలుగు గంటలు లేటయితె
ఛాయ్ తాక్కుంట కూసునే ఊరు మాది.
అయినా నిజమే చెప్పింది.
కొత్తది ముందుగాల ఆలోచిస్తది.
ఈ డబ్బాకు ఆలోచన లేదు,
వచ్చింది వచ్చినట్టు గీసుడే.

పోరలు ముగ్గురైన్రు:
తను, గణపత్ మడావి, సత్తార్ చిన్నకొడుకు.
గాలిల పలకలు, పలకల మీద బొమ్మలు,
కొట్టి కిందికి నూకినోడు గెలిచినట్టు.
నాకు గంతే సమజైంది.

కానీ ఆ పిల్ల కొట్టదు.
పొద్దు మాపు ఒక్కటే పని.
దుంకు మీట నొక్కుతది, కాలు లేచీ లేవక ముందే
పక్క మీట, పుల్ల కిందికి ఏటవాలు.
బొమ్మ ఎగరదు. నడవదు.
మోకాళ్ళు వంచి నేలను రాసుకుంట
జర్రున జారిపోతది,
మొకం శత్రువు దిక్కే, పోయేది ఎనుకకు.
టక్ టక్. టక్ టక్.
మా అవ్వ పోకలు కత్తిరిచ్చినట్టు సప్పుడు.

ఇది గాలిల తప్పించుకునే ఉపాయం కాకా,
అన్నది, తెర మీదికెల్లి కండ్లు తియ్యకుంట.
దాన్ని నేలకేసి కొడితె
తప్పించుకునుడు ఆడికే ఆగుతది,
ఉరుకు మాత్రం మిగుల్తది.
ఒక్క ముక్క తొందరపడితె ఉత్త దుంకుడు.
ఒక్క ముక్క ఆలస్యమైతె
గాలిల తేలి, దిక్కులేక పడుడు.

నాకు వాగన్లు యాదికొచ్చినయ్.
పన్నెండేండ్ల పోరగాండ్లం, యార్డుల
బొగ్గు మీదికెక్కి గడ్డలు కిందికి ఇసిరేటోళ్ళం.
బండి కదిల్తె దుంకొద్దురా, అని నేర్పిండు ఓదెలు.
దుంకితె బొక్కలిరుగుతయ్.
బండి పోయే దిక్కు మొకం పెట్టు,
కాలు దించు, నేలను అడుగు.
అడిగితె పట్టుకుంటది.
కంకర మీద నాలుగు గజాలు జారి
నిలబడేటోణ్ణి.
మూడు వానకాలాలు పట్టింది నాకు.
నేర్పినోడు ఒక్కపారి, ఒక్కపారే,
దుంకిండు.

ఇది పిల్లకు చెప్పలే.

చంద్రపూర్ల పోటీ, మంగల్ కార్యాలయంల.
నా డబ్బాను ఆటోల ఒళ్ళె పెట్టుకొని తీస్కపోయిన,
కాళ్ళు తిమ్మిరెక్కినయ్.
రెండో ఆటల పుణె పోరడు ఓడగొట్టిండు.
ఓడేముందు మాత్రం, పలక అంచు మీద,
వాడు మీదికొస్తె బెత్తెడు ఎనుకకు జారింది,
వాని దెబ్బ ఉత్త గాలికి తాకింది,
అదే జారుడుతోని మల్ల ముందుకొచ్చి
ఒక్కటిచ్చింది.
ఆయ్‌లా, అన్నరు అందరు.
నా నోట్ల తెలుగొచ్చింది, ఏమన్ననో యాది లేదు,
పక్కన ముసలామె చెవులు మూసుకున్నది.

తిరిగొచ్చేటప్పుడు పిల్ల మాట్లాడలే.
భాండక్... కాదు, ఇసాపూర్ దాటినంక
వేళ్ళు మాత్రం తొడ మీద
టక్ టక్.

ఇప్పుడు షట్టర్ సగం దించి నేను నొక్కుత.
సోల్డర్ కాలి మొద్దుబారిన వేళ్ళు.
నా బొమ్మ ఎగురుతది, పడ్తది.
ఎగురుతది, పడ్తది.
నిన్న రాత్రి బొటనేలు ఎట్ల పడ్డదో గని
జర్రుమన్నది. జానెడు.
ఓదెలూ, అన్న.
కరెంటు పోయింది.
తెర నడుమ తెల్ల చుక్క
ఇంకా కాసేపు ఉన్నది,
తొందరేం లేనట్టు.