గంటకు పది నిమిషాలు

గ్రసిందా ముక్కుకు ఇరవై ఆరేళ్ల సర్వీసు.
రాత్రంతా గాజుగ్లాసులో నానిన బిరడాను
ఒక్కసారి వాసన చూసి "బూజు" అనేది.
అంతే, ఆ బస్తా వెనక్కి.
సీసాలోని ద్రాక్షసారా పరువు
మా పోర్చుగల్ బెండు ఫ్యాక్టరీలో
ఆమె ముక్కుపుటాల మీద నిలిచేది.

ముక్కు అలిసిపోతుందని
గంటకోసారి గంట కొట్టేవాళ్లు.
ఆమె వెనకే మేమంతా పెరట్లోకి,
ఎండుతున్న బెరడు గుట్టల మధ్యకి.
ఎవరింట్లో జ్వరం, ఎవరి మేక తప్పిపోయింది,
ఎవరు ఎవరికి బాకీ.

ఇంజినీరు తెల్మూ తెచ్చిన యంత్రం
మూడు నెలలు ఆమె పక్కనే కూర్చుంది,
కొత్తగా బళ్లో వేసిన పిల్లలా.
నాలుగో నెల ఆమెను లేబుళ్ల గదికి మార్చారు.
యంత్రానికి పడిశం పట్టదు కదా,
గంట కొట్టడం మానేశారు.

గొడవేమీ జరగలేదు.
ఇదలీనా తండ్రి పోయిన సంగతి
పదకొండు రోజులకి తెలిసింది నాకు,
జీతాల పట్టీలో
ఆమె పేరు పక్కన కోత వేస్తుంటే.
తెల్మూకి చూపించాను. ఏమీ అనలేదు.

సోమవారం యంత్రం దానంతటదే ఆగింది.
తెర మీద: "ముక్కు శుభ్రం. పది నిమిషాలు."
గంట తిరిగేసరికి మళ్లీ.
సాంకేతిక అవసరం అన్నాడు తెల్మూ
తలెత్తకుండా.

లిస్బన్ నుంచి వచ్చిన పెద్దాయన అడిగాడు:
"ఆ పది నిమిషాలూ ఏం చేస్తుందది?"
ఎవరూ పెదవి విప్పలేదు.
వేళ్లకంటిన జిగురు గీక్కుంటూ గ్రసిందా అంది:
"గాలి పీల్చుకుంటుంది బాబూ.
పని నేర్చుకుంది నా దగ్గరే కదా."