నడుమ సున్నా

పోయిన కార్తీకంలో వాన మూడు దినాలు తెరిపియ్యలేదు.
కొండ మీంచి దిగిన నీళ్ళు జీవకోన సందుల్లో పడి
చెప్పుల్ని, బిందెల్ని, ఎవరిదో ఒక ప్లాస్టిక్ కుర్చీని
ఎత్తుకుపోయినాయి.
కరెంటు వాటికంటే ముందే పోయింది, మర్యాదగా.

మూడోనాడు ఫ్రిజ్జు తలుపు తీస్తే
నలభై లీటర్ల దోసె పిండి
డబ్బాల మూతలు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది.
పులుపుకు కళ్ళు మండినాయి.
మూడు హాస్టళ్ళ పిల్లోళ్ళకు ఏం చెప్పేది?
అంతా తీసి కాలవలో పోస్తా ఉంటే
తెల్లగా పొంగిన కాలవ
ఎవరింట్లోనో పాలు పొంగినాయి అనుకునుంటుంది.

జనరేటరు తెస్తానన్నాను.
"లైన్‌మన్ మునస్వామన్న ఇంట్లో జనరేటరా!"
పక్కింటి కస్తూరి పక్కుమనింది.
మా ఆయన నవ్వలేదు. వద్దనీ అనలేదు.
ఎడమచేత్తో చెవి గోక్కున్నాడు.

రేణిగుంట రోడ్డు అంగట్లో చెంగల్రాయులు
చెవిమీది పెన్సిల్ తీసి అట్టముక్క మీద లెక్క కట్టినాడు.
ఫ్రిజ్జులు రెండు. ఫ్యాన్లు నాలుగు. లైట్లు.
గ్రైండరు దగ్గర పెన్సిల్ ఆగింది.
"ఇది లేచేటప్పుడు మూడింతలు తింటాదమ్మా,
లేచినాక కొంచెంతో సరిపెట్టుకుంటాది."
అందుకని మూడు చాలదు, ఐదు కేవీఏ.
డీజిలుది గట్టిది, అరుపు జాస్తి.
పెట్రోలుది మెత్తన, తాగుడు జాస్తి.
"మొగుణ్ణి చూసుకున్నట్టే ఉందే"
వెనక నుంచి ఎవరో అనింది, పంపుసెట్టుకు వచ్చినామె.
పెట్రోలుదే ఇయ్యమన్నాను.
చీటీ పాడిన డబ్బు, ఒక జత కమ్మలు,
మిగతాది నెలనెలా.

పెరట్లో సిమెంటు దిమ్మె, దానిమీద రబ్బరు పలక, పైన రేకు.
పొగగొట్టం మాత్రం నాలుగుసార్లు తిప్పించినాను
మేడమీద అద్దెకున్న నర్సింగు పిల్ల కిటికీకి దూరంగా.
ఆ పొగలో వాసన లేని విషం ఒకటుంటుందంట,
నిద్రపోయినోళ్ళను లేపదంట.

ఎర్తుకు గుంత తవ్వించి
బొగ్గు ఒక బస్తా, ఆపైన ఉప్పు.
పిండిలోకి తెచ్చిన కల్లుప్పే దోసిళ్ళతో పోసినాను.
భూమికి కూడా కొంచెం రుచి ఉండాల కదా.

వైర్లు లాగను వచ్చిన మస్తాన్ కుర్రోడు, చురుకైనోడు.
"ఛేంజోవరు స్విచ్చు ఎందుకక్కా, ఊరికే మూడువేలు.
రెండు కొసలకీ పిన్నులు పెట్టి వైరొకటి చేసిస్తా,
గోడ సాకెట్లో గుచ్చితే ఇల్లంతా వెలుగు.
మెయిను ఆపడం మర్చిపోకుంటే చాలు."

మర్చిపోకుంటే చాలు.

అప్పుడు మా ఆయన మంచం మీంచి లేచినాడు.
ఏమీ అనలేదు.
మీటరు పక్కన గోడకు కుడిచెయ్యి ఆనించినాడు,
స్విచ్చు ఇక్కడ బిగించు అని కొలత చూపించినట్టు.
బొటనవేలు. చిటికెనవేలు.
నడుమ ఏమీ లేదు.

ఎల్‌సీ తీసుకునే స్తంభం ఎక్కినాడు ఆ దినం.
సబ్‌స్టేషన్లో ఆపినారు, రిజిస్టర్లో సంతకం ఉంది.
చచ్చిన తీగే కదా అని పట్టుకున్నాడు.
ఎవరింట్లోనో పెళ్ళి. ఎవరో జనరేటరు వేసుకున్నారు.
వాళ్ళ వంటింటి సాకెట్లోంచి బయలుదేరిన కరెంటు
ట్రాన్స్‌ఫార్మరులో వెనక్కి నడిచి
పదకొండు వేలై పైకెక్కి
ఆయనకు చెయ్యి కలిపింది.
వాళ్ళెవరో మాకు ఇప్పటికీ తెలీదు.
వాళ్ళకీ తెలీదు.
ఆ పూట పాయసం బాగానే కుదిరి ఉంటాది.

మస్తాన్ ఆ వైరును చుట్ట చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.
మూడువేలు ఎంచి ఇచ్చినాను.

ఇనప పెట్టె, ఎర్ర పిడి.
పైకి తిప్పితే ఊరి కరెంటు.
కిందికి తిప్పితే మా కరెంటు.
నడుమ సున్నా.
ఎంత కోపంలో తిప్పినా, ఎంత నిద్రలో తిప్పినా
రెండూ ఒకటిగా కలిసేది లేదు.

నిన్న రాత్రి గాలికి మళ్ళా పోయింది.
తాడు లాగితే నాలుగోసారికి అందుకుంది.
గ్రైండరు ఒక మూలుగు మూలిగి తిరగబట్టింది.
సందు కొసన స్తంభం మీద
నెత్తికి టార్చి కట్టుకున్న పిల్లోడెవరో,
కింద నిచ్చెన పట్టుకున్నోడు "చూసుకోరా, చూసుకో" అంటా ఉన్నాడు.

పిండి చేతుల్తోనే పోయి పిడి చూసొచ్చినాను.
కిందికే ఉంది.
ఉప్పు వేసి, కలిపి,
మనసాగక ఇంకోసారి పోయినాను.

చీకట్లో ఆయన అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు,
పిడిమీద రెండువేళ్ళు ఆనించి.