ఇల్లే

మా ఇంటి లొకేషన్ ఎప్పుడూ వెనక సందులో పడుతుంది.
దాసరహళ్ళిలో ఆరేళ్ళుగా ఇదే తంతు.
భోజనం తెచ్చిన కుర్రాడు
నాగరత్నమ్మ గారి గేటు ముందు నిలబడి ఫోన్ చేస్తాడు:
"మేడమ్, ఇల్లే తోరిస్తా ఇదె."
కన్నడంలో ఇల్లే అంటే ఇక్కడే.
నా చెవికి మాత్రం ఇల్లే.
చెప్పులేసుకుని పోయి తెచ్చుకుంటాను.

పగలు, పీణ్యాలో, నా పని
ఒక ఫిరంగి గుండుకు దారి చెప్పడం.
నలభై కిలోమీటర్లు పోయే గుండు.
దాని ముక్కు దగ్గర నాలుగు రెక్కలు,
వేలెడంత, చేపకున్నట్టు.
వాటిని తిప్పే మోటారు వణక్కుండా చూడ్డం నా వంతు.
వణికితే పక్కన పెట్టేస్తాను.
వణకడం మా దగ్గర లోపం.

పోయిన నెల ఏడు మీటర్లకు తెచ్చాం.
కుల్‌దీప్ సార్ మైసూర్‌పాక్ పంచాడు.
"ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టే రోజులు పోయినాయి మేడమ్,
ఇప్పుడు ఎలుకనొక్కదాన్నే"
అన్నాడు తిప్పేస్వామి, చిత్రదుర్గం తెలుగులో.
నేనూ నవ్వాను. వేళ్ళకు నెయ్యి.
ఆ ఎలుక ఎవరింట్లో ఉందో
ఆ పూట ఎవరికీ తోచలేదు.

అబద్ధం కాదు అతనన్నది.
పాత గుండ్లు ఒక్క వంతెన కోసం ఊరంతా దున్నేవి.
మావి దున్నవు. నమ్ముతాను ఆ మాట.
నమ్మకపోతే పొద్దున్నే మెట్రో ఎక్కలేను.

ఏడు మీటర్లంటే ఇదీ:
వంద వేస్తే యాభై ఆ వలయం లోపల పడతాయి.
మిగతా యాభైకి మా పట్టికలో గడి లేదు.

ఆదివారం మధ్యాహ్నం టేపు తీశాను.
నా దిండు దగ్గర సున్నా.
వంటగట్టు రెండున్నర.
వెనక గోడ నాలుగు.
గోడ అవతలికి టేపు పోదు,
చెవితో కొలిచాను:
నాగరత్నమ్మ గారి కుక్కర్ విజిల్, అయిదు.
మనవరాలు ధన్య పదమూడో ఎక్కం దగ్గర తడబడే చోటు,
ఆరున్నర.

ఇంకా మా తలుపు మీద బి. హడిమని అనే పేరుంది.
మాకు ముందు అద్దెకున్న మనిషి.
ఆయనకు బ్యాంకు నోటీసులు ఇప్పటికీ వస్తాయి,
నెల తప్పకుండా, గడప తప్పకుండా.
చిరునామాలో ఏ తప్పూ లేదు.
మనిషే లేడు.
గుండూ అంతే. ఇచ్చిన అంకెల దగ్గరికి నిజాయితీగా పోతుంది.
ఎవరిచ్చారు, ఎప్పటివి,
ఇప్పుడా పొయ్యి మీద ఉడికేది ఎవరి అన్నం
అని అడగదు.
అడిగే పార్టు డ్రాయింగులో లేదు.

ఇంకోటుంది. ఇది తిప్పేస్వామికి కూడా చెప్పలేదు.
గురి సరిగా కుదరని రోజుల్లో
పక్కన బడి ఉంటే
"వద్దులే" అనుకునేవాడేమో ఒక్కడైనా.
ఇప్పుడు ఆ అవసరం లేదు కదా, ఏడు మీటర్లే కదా.
గురి కుదిరేకొద్దీ జంకు తగ్గుతుంది.
మేం తగ్గించుకుంటూ వచ్చిన మీటర్లలో
ఆ జంకు కూడా పోయిందా?
పోతే నా బెంచీ మీదే పోయుంటుంది.
వణుకనుకుని
నేనే తీసేసి ఉంటాను.

రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ళీ ఫోన్.
"మేడమ్, ఇల్లే తోరిస్తా ఇదె."
వస్తున్నా, అక్కడే ఉండు, అన్నాను.
సందు తిరిగేసరికి కుర్రాడు వెళ్ళిపోయాడు.
గేటు దగ్గర ధన్య,
రెండు చేతులా పొట్లం పట్టుకుని, నవ్వుతూ:
"ఆంటీ, మీది
మళ్ళీ మా ఇంటికే వచ్చింది."

అందుకున్నాను.
ఇంకా వేడిగానే ఉంది.